నూట పద్దెనిమిదో ఒడిగుడ్డ

దొంగ కత్తెర వాడలేదు.

రమ నేల మీద మోకాళ్ళు మోపి, టార్చిలైటు దగ్గరగా పట్టుకుని మొదట గమనించింది అదే. పాత కుట్లను ఒక్కొక్కటిగా ఓపిగ్గా విప్పారు. విప్పిన దారపు ముక్కలన్నీ ఏరి, చిన్న ఉండగా చుట్టి, గోడ మూలకు పెట్టారు. దొంగతనానికి వచ్చినవాళ్ళు చెత్త ఎత్తిపెట్టి పోవడం పోలీసులో, తర్వాత సొంతంగా డిటెక్టివ్‌గా గడిపిన పదహారేళ్ళలో ఆమె ఎన్నడూ చూడలేదు.

“చూసింది చాలా మేడం?” వెనక నుంచి రాంప్రసాద్ గొంతు వినిపించింది.

బీమా కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి నిన్న దిగిన దర్యాప్తు అధికారి అతను. యాభై దాటినా చొక్కా ఇస్త్రీ నలగనివ్వడు. “నా రిపోర్టు సాయంత్రం ఐదింటికి పోతుంది. ఆలోపు మీరు ఎంతసేపు కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు.”

రమ లేచి గడియారం చూసుకుంది. శనివారం, పది దాటి పది నిమిషాలు.

ఎదురుగా ఆ తెర. పద్దెనిమిది అడుగుల ఎత్తు, నలభై అడుగుల పొడవు. వరంగల్లులో మూతపడ్డ పాత జిన్నింగు మిల్లు గోదాములో ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలాడుతోంది. పత్తి ఏరే ఆడవాళ్ళు నడుముకు సంచిలా కట్టుకునే ఒడిగుడ్డలు, మొత్తం రెండు వందల పన్నెండు, ఒకదానికొకటి కలిపి కుట్టినవి. చినిగినవి ఉన్నాయి, మాసికలు వేసినవి ఉన్నాయి, ఎండకు రంగు పోయి ఏ రంగో చెప్పలేనివీ ఉన్నాయి. దాని పేరు ‘ఒడి’. చేసింది తొర్రూరు దగ్గర పల్లెలో పుట్టి, బొమ్మలు వెయ్యడంలో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న సరస్వతి. కొన్నది ఈ మిల్లు యజమాని సుదర్శన్. ధర కోటీ అరవై లక్షలు.

ఆ ధర విన్నప్పుడు రమకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. హన్మకొండలో జిరాక్సు షాపు మీద తన ఆఫీసు ఉన్న బిల్డింగు మొత్తం అమ్మినా అంత రాదు. ఇట్లాంటి గుడ్డ ఇంట్లో కనిపిస్తే వాళ్ళమ్మ పొయ్యిగడ్డ తుడిచేది. ఆమె కేసు ఒప్పుకుంది గుడ్డల కోసం కాదు, నిన్న సాయంత్రం ఆఫీసు మెట్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సరస్వతి మొహం చూసి.

జరిగింది చెప్పుకుంటే చిన్న సంగతే. ప్రదర్శన మంగళవారం మొదలైంది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సరస్వతి హాల్లోకి వచ్చి చూస్తే, కింది నుంచి రెండో వరసలో ఎడమ నుంచి ఐదో గుడ్డ, ఆమె జాబితాలో నూట పద్దెనిమిదో నంబరు, మారిపోయి ఉంది. ఎవరో దాన్ని విప్పుకుపోయి ఆ స్థానంలో ఇంకో ఒడిగుడ్డ కుట్టారు. ఒప్పందం ప్రకారం ఆమె ఆ గంటలోనే బీమా కంపెనీకి తెలియజేసింది. తెలియజేసిన పాపానికి అనుమానం ఆమె మీదికే తిరిగింది.

“ఇందులో డిటెక్టివ్ చేసే పనేం లేదు మేడం,” అన్నాడు రాంప్రసాద్. “‘ఇది ఇక నేను చేసిన కళాఖండం కాదు, పాడైపోయింది’ అని ఆవిడ సంతకం పెడితే పాలసీ ప్రకారం మొత్తం నష్టం. కొన్నాయనకు డబ్బు వెనక్కి వస్తుంది. ఇద్దరూ పంచుకుంటారు. తేడా కనిపెట్టింది ఎవరు? ఆవిడే. ఇట్లా కుట్టగలిగింది ఎవరు? ఆవిడే. గురువారం మధ్యాహ్నం ఒకటీ నలభై నుంచి రెండూ ఇరవై దాకా కరెంటు లేదు, గుమ్మం మీది కెమెరా పనిచెయ్యలేదు. ఆ టైములో హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంది? మళ్ళీ ఆవిడ దగ్గరే.”

“ఆమె సంతకం పెట్టిందా?”

“పెడుతుంది.”

“అంటే పెట్టలేదన్నట్టు.”

రాంప్రసాద్ నవ్వాడు. “అసలు సంగతి వేరే ఉంది. గుడ్డ మారిన తర్వాత గురువారం సాయంత్రం దాకా ఎనభై మంది దీన్ని చూశారు. వాళ్ళల్లో పేపర్లలో కళ గురించి రాసేవాళ్ళు ముగ్గురు. ఒక్కరికీ తేడా తెలియలేదు. ఒక పాత గుడ్డ తీసి ఇంకో పాత గుడ్డ పెడితే ఎవరికీ తెలియనప్పుడు, ఈ కోటీ అరవై ఎక్కడ ఉన్నట్టు? గుడ్డలోనా? మన తలకాయలోనా?”

ఆ ప్రశ్న రమకూ ఉంది. కానీ అతని నోట వినేసరికి దానితో ఏకీభవించ బుద్ధి కాలేదు.

“సరస్వతీ, జర ఇటు రా,” అని పిలిచింది.

సరస్వతి గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి. రెండు రోజులుగా తిండి సరిగా తిన్నట్టు లేదు.

“నీ కుట్టుకు ముడులు ఏ దిక్కు వేస్తవ్?”

“ముందటి దిక్కే అక్కా. ముడి కనవడాలెనని.”

“ఈ కొత్త కుట్టుకు ముడులు వెనక ఉన్నయి. నువ్వు వాడేది సన్నటి సూది. దీని బొక్కలు చూడు, దబ్బనం దిగినట్టున్నయి. దారం జనపనార సుతిలి.” రమ రాంప్రసాద్ వైపు తిరిగింది. “పత్తి నింపిన బోరా సంచుల మూతి కుట్టే సుతిలి సార్ ఇది. కుట్టినోళ్ళు తెర వెనక, గోడకూ దీనికీ నడుమ మూడడుగుల సందులో కూర్చుని కుట్టిన్రు. వెనక దుమ్ములో మనిషి బాసిపట్లు వేసుకుని కూసున్న జాడ కూడా ఉంది.”

“ఆవిడే కావాలని తన కుట్టు మార్చి ఉండొచ్చు.”

“ఉండొచ్చు. ఎంతసేపు పడ్తదో చూద్దాం.” రమ మిల్లు ఆఫీసు నుంచి తెప్పించిన దబ్బనం, సుతిలి సరస్వతి చేతికిచ్చి, రెండు పాత గుడ్డముక్కలు ముందర పెట్టింది. “ఒక్క పక్క కుట్టు. ఎంత జల్ది చేతనైతే అంత జల్ది.”

సరస్వతి కుట్టడం మొదలుపెట్టింది. రమ ఫోనులో టైము పెట్టింది. ఒక పక్క పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర నిమిషాలు పట్టింది.

“నాలుగు పక్కలకు నలభై నిమిషాలు. పాత కుట్లు విప్పడానికి పదిహేను వేసుకోండి. అన్నీ కలిపి యాభై అయిదు. కరెంటు లేనిది నలభై నిమిషాలే. పైగా ఒకటీ యాభై అయిదు దాకా సరస్వతి బయట షామియానా కింద మీ కళ గురించి రాసేవాళ్ళ పక్కనే కూర్చుని అన్నం తిన్నది. ఆ ఫోటోలు వాళ్ళే పెట్టుకున్నరు, టైముతో సహా. ఇరవై అయిదు నిమిషాల్ల యాభై అయిదు నిమిషాల పని ఎట్ల చేసింది సార్?”

రాంప్రసాద్ మొదటిసారి నోటుబుక్కు తీశాడు. “అయితే మనిషిని పెట్టి చేయించింది,” అన్నాడు.

అప్పుడే సుదర్శన్ లోపలికొచ్చాడు. అరవై రెండేళ్ళ మనిషి, తెల్లచొక్కా, చేతిలో పాత ఫోను. రమ అతన్ని నిలబెట్టే అడిగింది.

“మీరు దీన్ని ఎందుకు కొన్నరు సార్?”

“నచ్చింది.”

“కోటీ అరవై లక్షలంత నచ్చిందా?”

ఆయన తెర వైపు తిరిగాడు. “బజార్ల అందరు నవ్వుతాండ్రు, నాకు ఎరికే. ముప్పై ఎనిమిదేండ్ల సంది పత్తి కొంటాన్న. చెయ్యి పెట్టి తేమ ఎంతుందో చెప్త. కని ఏరినోళ్ళ పేరు ఒక్కటి చెప్పుమంటే చెప్పరాదు. హైదరాబాదుల దీన్ని మొదలు చూసిననాడు, అందరు పోయినంక గూడ అక్కన్నే నిలవడ్డ. గంతే మేడం, ఇంకేం చెప్పాలె.”

“బీమా పైసలు వస్తే తీసుకుంటరా?”

“నేను అడగలే. నాకు గిదే కావాలె.”

రాంప్రసాద్ నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు గానీ తలెత్తలేదు.

రమ చూడాల్సింది ఇంకొకటి మిగిలింది. ప్రతి గుడ్డకూ సరస్వతి ముందే ఫోటో తీసి పెట్టుకుంది. నూట పద్దెనిమిది ఫోటోను పెద్దది చేసి రమ చాలాసేపు చూసింది. గోధుమరంగు మరక గుడ్డంతా ఒకే తీరుగా ఉంది. ఏళ్ళ తరబడి నడుముకు బిగించి కట్టిన గుడ్డకు కట్టు దగ్గర నలిగిన గీత పడుతుంది. చుట్టూ ఉన్న గుడ్డలకు ఆ గీత ఉంది, ఇప్పుడు కొత్తగా కుట్టిన దానికీ ఉంది. పోయిన దానికే లేదు. ఆ సంగతి ఆమె పైకి అనలేదు.

బయట కాపలాదారు వెంకట్రాజం బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు.

“తాతా, గురువారం మధ్యాహ్నం తాళం వేసింది ఎన్ని గంటలకు?”

“ఒంటిగంటన్నరకు బిడ్డా. పల్లెలకెల్లి బస్సుల వచ్చిన ఆడోళ్ళందరు బయటికొచ్చినంక ఏసి చెవి సరస్వతమ్మకు ఇచ్చిన. మల్ల రెండున్నరకు ఆమె దగ్గర తీసుకొని తెరిచిన.”

“లోపల ఎవరూ లేరని చూసినవా?”

“లోపటికి తొంగి చూసిన. ఎవలు లేరు.”

“తెర వెనక?”

వెంకట్రాజం నెత్తి గోక్కున్నాడు. “వెనక ఎవలుంటరు?”

“లోపలికి పోయేటోళ్ళు చెప్పులు యాడ విడుస్తరు?”

“గీ మెట్లకాడనే.” ఆ మాట అన్నాక ఆయన మొహం మారింది. “అవ్ బిడ్డా, ఒక జత ఉండె! తాళం ఏసినంక గూడ. ఎవలో మర్చిపోయిన్రు, ఎండల ఉంటే రబ్బరు పాడైతదని నీడకు జరిపిన. పొద్దూకినంక చూస్తే లెవ్వు.”

“ఎట్లాంటి చెప్పులు?”

“ఆడోళ్ళవి. ఎడమ చెప్పు బద్ది తెగితే సుతిలితోని కుట్టి ఉంది.”

“ఇది నిన్న బీమా సారుకు చెప్పినవా?”

“ఆయన అడగలే. నన్ను ఏమడగలే.”

రమ సరస్వతిని వేపచెట్టు చాటుకు తీసుకుపోయింది. “నూట పద్దెనిమిది ఎవరు ఇచ్చిన్రు?”

“చెప్పనక్కా.” సరస్వతి గొంతు గట్టిగానే ఉంది. “గుడ్డలు తీసుకునేటప్పుడు ఒక్కొక్కలకు మాటిచ్చిన, పేరు ఎవలకు చెప్పనని. రాంప్రసాద్ సార్‌కు గూడ అదే చెప్పిన, గందుకే నా మీద అనుమానం.”

“నీకు తెలుసు గదా, ఎవరు మార్చిన్రో.”

సరస్వతి చెట్టు బెరడు గిల్లసాగింది.

“ఐదింటికి ఆయన నీ పేరు రాస్తడు. రేపటి నుంచి నువ్వు ఎక్కడ ఏం చేసినా ముందు ఈ మాటే వస్తది.”

“రాయనియ్యి. నాకు వకీలు దొరుకుతడు. ఆమె చేన్లకు పోలీసు జీపు పోతే ఆమెకు ఎవలు దొరుకుతరు?”

రమ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఆమె దొంగతనం చేసిందని నేను అనుకుంట లేను. ఎందుకు చేసిందో ఆమె నోటితోనే చెప్పనియ్యి. నువ్వు దాచిపెడితే ఆమె దొంగగానే మిగుల్తది.”

సరస్వతి గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. “మొగిలమ్మ.”

పదకొండూ ఇరవైకి రమ పాత ఆల్టో మిల్లు గేటు దాటింది. అయిదు నిమిషాల తర్వాత అద్దంలో రాంప్రసాద్ తెల్ల కారు కనిపించింది. దాన్ని తప్పించుకునే ప్రయత్నం ఆమె చెయ్యలేదు. ఈ మాట అతనూ వినాలి.

ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు ఆమె చేను చేరింది. గట్టు పక్కన రేకుల షెడ్డు కింద పదకొండు మంది ఆడవాళ్ళు సద్దులు విప్పుకుని కూర్చున్నారు. షెడ్డు బయట చెప్పులు వరసగా ఉన్నాయి. నాలుగో జతలో ఎడమ చెప్పు బద్ది సుతిలితో కుట్టి ఉంది.

“మొగిలమ్మ ఎవరమ్మా?”

నలభై అయిదేళ్ళ మనిషి ఒకామె చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టి తలెత్తింది. రమ వెనక దిగుతున్న రాంప్రసాద్ చొక్కా చూసింది. భయపడ్డట్టు లేదు. ఎదురుచూస్తున్నట్టు ఉంది.

“నేనే. సరస్వతి పంపిందా?”

“నేనే వచ్చిన. గురువారం నాడు హాల్లో నువ్వే కదా?”

“నేనే.”

రాంప్రసాద్ ముందుకొచ్చాడు. “ఎవరు చెప్తే చేశావు? సరస్వతి ఎంత ఇస్తానంది?”

“సార్,” అంది రమ, “అన్నం ముందు కూర్చున్న మనిషి. ఆమెను చెప్పనియ్యండి.”

మొగిలమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

“నాకు ఎవలు చెప్పలే సారూ. సరస్వతి మా ఊరి పిల్ల. రెండేండ్ల కింద ఇల్లిల్లు తిరిగి ఒడిగుడ్డలు అడిగింది. పాతయి, కట్టుకొని కట్టుకొని అరిగినయి కావాలె అన్నది. ఈ షెడ్డు గూడ ఆ పిల్లే ఏపిచ్చింది. కని నా గుడ్డ చూస్తే నాకే సిగ్గాయె. ఏడు మాసికలు. పెద్ద పెద్దోళ్ళు చూస్తరట, దాన్ని ఎట్ల ఇయ్యాలె? కొత్త గుడ్డ తెచ్చి కుట్టి, చాయ్‌పత్త ఉడకవెట్టి దాంట్ల ముంచి, ఎండవెట్టి ఇచ్చిన.”

“చాయ్‌లోనా?” అన్నాడు రాంప్రసాద్.

“చాయ్‌లనే. మొన్న మంగళవారం బస్సు పెట్టి మమ్ములను తోలుకపోయిన్రు. పోయి చూస్తే...” ఆమె చెయ్యి పైకెత్తి ఎత్తు చూపించింది. “నాకు నోట మాట రాలే బిడ్డా. మేము నడుముకు కట్టుకునే గుడ్డలు గవి. గంత ఎత్తున, లైట్లు పెట్టి. ఏసీ కార్లల్ల వచ్చినోళ్ళు చెప్పులు విడిచి చేతులు కట్టుకొని నిలవడ్డరు. ఒక అద్దాలాయన నా గుడ్డ కాడనే ఆగి పక్కోళ్ళకు చెప్తాండు, ఈ మరక చూడుండ్రి, గిది పదేండ్ల చెమట అని. నేను ఆయన వెనకనే ఉన్న. భూమి పగిలి లోపటికి పోతే బాగుండు అనిపిచ్చింది.”

రాంప్రసాద్ గట్టిగా నవ్వాడు. దాపరికం లేని నవ్వు. “విన్నారా మేడం? చాయ్ మరకను చూసి చెమట అన్నారు! నేను రెండు రోజుల నుంచి మొత్తుకుంటున్నది ఇదే. ధర ఎక్కువైతే చాలు, దేంట్లో అయినా అర్థం కనిపిస్తుంది వీళ్ళకు. ఇక నా రిపోర్టుకు ఏ ఇబ్బందీ లేదు. దొంగతనం కాదు, అంతకంటే పెద్దది. వాడిన గుడ్డలు అని చెప్పి కొత్త గుడ్డ అమ్మారు. మోసం.”

అతను అన్నదాంట్లో తప్పు లేదు. రమ మొగిలమ్మ వైపే తిరిగింది.

“ఎవరికీ తెలియలేదు కదా అక్కా. అద్దాలాయనకే తెలియలేదు. ఊరుకుంటే అయిపోయేది. మళ్ళీ ఎందుకు పోయినవ్?”

“నాకు తెల్సు గదా.” మొగిలమ్మ ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది. “రెండొద్దులు ఏం తినబుద్ధి కాలే. అందరు తమ బతుకు తెచ్చి అక్కడ పెట్టిన్రు, నేనొక్కదాన్నే చాయ్ నీళ్ళు పెట్టిన. గురువారం నాడు పక్కూరోళ్ళ బస్సు ఎక్కి పోయిన. నా అసలు గుడ్డ, దబ్బనం కొంగున కట్టుకున్న. వెనక కూసొని విప్పుతాంటే తాళం పడ్డ చప్పుడైంది. లేద్దామనుకున్న. మల్ల, మంచిదే అయింది, నిమ్మళంగ కుట్టుకోవచ్చు అనుకున్న. తాళం తీసినంక జనంల కలిసి బయటికొచ్చిన.”

“ఆ అసలు గుడ్డ ఎన్నేళ్ళది?”

“పందొమ్మిది. దాని కట్టుకు ఒక పక్క ఎర్ర పేలిక అతుకు ఉంటది, చూసినవా? మా స్రవంతి కడుపుల ఉన్నప్పుడు నడుముకు కట్టు చాలకపోతే అతికిన. తొమ్మిదో నెల దాక ఏరిన. ఇప్పుడా పిల్ల హన్మకొండల నర్సు చదువుతాంది.” ఆమె మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. “ఆ పిల్లను తోలుకపోయి చూపెట్టాలె. ఇగో నువ్వు గిక్కడ ఉంటివి అని.”

పొద్దున్న టార్చిలైటు వెలుగులో ఆ ఎర్ర పేలికను రమ చూసింది. కొలతకు, దారానికి, ముడికి చూసింది. ఇప్పుడు అదే కళ్ళ ముందుకు వచ్చి నిలిచింది.

“రాంప్రసాద్ సార్,” అంది మెల్లగా. “మీ కంపెనీ నష్టానికి కదా పైసలిచ్చేది. గురువారం దాకా ఆ చోట అబద్ధం ఉండె. ఇప్పుడు నిజం ఉంది. నష్టం ఎక్కడ?”

“ఆ అబద్ధానికి కూడా కోటీ అరవై పలికింది మేడం. అదే నా ప్రశ్న.”

“మీ ప్రశ్న ధర గురించి. దానికి నా దగ్గర జవాబు లేదు, నాకూ అంతుపట్టలేదు. కానీ ఒక గుడ్డల తెర ముందు నిలబడి, ఎవరూ పట్టుకోని తప్పును ఒక మనిషి తనంతట తాను దిద్దుకుని వచ్చింది. నేను పోలీసులో ఉన్నన్నాళ్ళు, తర్వాత ఈ పనిలో, ఎందరితోనో నిజం చెప్పించడానికి ఎన్ని తిప్పలు పడ్డనో నాకు తెలుసు. ఆ తెర నోరు లేకుండానే చెప్పించింది.”

రాంప్రసాద్ ఏదో అనబోయాడు. అంతలో షెడ్డు చివర నుంచి గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“మొగిలక్కా.” రాజక్క అనే ఆమె లేచి నిలబడింది. మొగిలమ్మ గుడ్డ పక్కన వేలాడే గుడ్డ ఆమెదే. “నువ్వు ఒక్కదానివే అనుకుంటానవా?”

షెడ్డులో అందరూ ఆమె వైపు తిరిగారు.

“నాది గూడ కాదు. అది మా అమ్మ కట్టుకున్న ఒడి. అమ్మ పోయినంక నా దగ్గర ఉన్నది గదొక్కటే, ఇయ్యబుద్ధి కాలే. సంతల పాత గుడ్డ కొని కుట్టిన. మంగళవారం సంది నాకు గూడ మనసున పడతలేదు. అందరియి అసలువే, నాదొక్కటే కాదనుకున్న.”

“నాది కొత్తదే,” అంది కట్టమ్మ అనే ముసలామె, నేల చూస్తూ. “పేరు రాసుకుంటాండ్రు గదా, మల్ల ఏమన్న అయితదేమోనని భయమై అసలుది ఇయ్యలే.”

ఇంకొకామె చెయ్యెత్తింది. తర్వాత ఇంకొకామె. రమ లెక్కపెట్టింది. పదకొండు మందిలో, మొగిలమ్మ కాక, ఏడుగురు. ఎవరికి వారు తానొక్కతే అనుకుని, నాలుగు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడలేక ఒకే చేనులో పత్తి ఏరుతున్నారు.

ముందు మొగిలమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. ఆమెను చూసి రాజక్క, రాజక్కను చూసి మిగతావాళ్ళు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

రాంప్రసాద్ నవ్వలేదు. అతని వేళ్ళు ఫోను మీద చకచకా కదులుతున్నాయి. ఫోను జేబులో పెట్టి రమ వైపు చూశాడు.

“ఒకటీ యాభై రెండు. రిపోర్టు పోయింది మేడం, ఐదింటి దాకా ఆగాల్సిన పని లేదు. ఇక్కడే ఏడు దొంగవి. మొత్తం రెండు వందల పన్నెండులో ఎన్నో దేవుడికే తెలియాలి. వివాదంలో ఉన్న వస్తువును స్వాధీనం చేసుకునే హక్కు పాలసీలోనే ఉంది. నాలుగింటికి మా లారీ వచ్చి దాన్ని దించుకుపోతుంది. తర్వాత సరస్వతి మీద చీటింగ్ కేసు. మీరు చక్కగా పనిచేశారు, థ్యాంక్స్.”

తెల్ల కారు దుమ్ము రేపుకుంటూ రోడ్డెక్కింది.

“ఆ పిల్లను పట్టుకపోతరా?” అంది కట్టమ్మ భయంగా. “మా తప్పుకు ఆమెనా?”

“పట్టుకపోవాలంటే మోసపోయినాయన ఫిర్యాదు కావాలె,” అంది రమ. ఆమె బుర్ర చురుగ్గా పనిచేస్తోంది. “మీ అసలు గుడ్డలు యాడున్నయి?”

“ఇంటికాడ. ఇగో, అయిదు నిమిషాల నడక.”

“ఇస్తరా?”

రాజక్క కొంగు నడుముకు దోపుకుంది. “మా అమ్మది కిందికి వద్దు. నడుమ పెట్టుమను. ఎత్తుల,” అంది.

“జల్ది తెండి. దబ్బనాలు కూడా.”

ఆడవాళ్ళు సద్దులు అక్కడే వదిలి ఊరి దారి పట్టారు. మొగిలమ్మ పక్క చేన్లోకి చూసి, ఎవరినో పేరు పెట్టి, వాళ్ళ గుడ్డలూ పత్తి మోసే ట్రాలీ బండీ తెమ్మని కేక వేసింది.

రమ ముందు సరస్వతికి ఫోను చేసి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. అవతల వెక్కిళ్ళు, వాటి మధ్య నుంచే నవ్వు. “అసలువి ఇస్తమన్నరా అక్కా? రాజక్క గూడనా?” అని రెండుసార్లు అడిగింది. ఇల్లిల్లూ తిరిగి బతిమాలినప్పుడు దొరకనివి అవి.

రెండోది సుదర్శన్‌కు. ఇది కష్టమైన ఫోను. ఆయన కొన్నది ఆయన అనుకున్నది కాదని చెప్పాలి. రమ ఏదీ దాచలేదు. చాయ్ సంగతీ చెప్పింది, లారీ సంగతీ చెప్పింది.

“మీరు మోసపోయిన్రని ఫిర్యాదు ఇస్తే సరస్వతి లోపలికి పోతది సార్. ఇయ్యకపోతే, వీళ్ళను తోలుకుని నాలుగింటి లోపల అక్కడ ఉంటా. మీ ఇష్టం.”

ఫోనులో, మిల్లు ఆవరణలో ఎక్కడో ఇనుప తలుపు జరిపిన చప్పుడు వినిపించింది.

“ఎంతమంది వస్తాండ్రు?” అన్నాడు ఆయన.

రమ తల తిప్పింది. ఊరి వైపు నుంచి మొదట వెళ్ళినవాళ్ళు గుడ్డలు చంకలో పెట్టుకుని వస్తున్నారు. పక్క చేను గట్టు మీద ఇంకో ఆరుగురు, వాళ్ళ వెనక ఇంకొందరు. ఒకామె పత్తి నిండిన ఒడిని నడక ఆపకుండానే విప్పి, పత్తిని గట్టు మీది బోరాలో ఒంపి, ఖాళీ గుడ్డను దులుపుకుంటూ వస్తోంది.

“ఏడుగురు అనుకున్న సార్. కానీ ఇంకా వస్తనే ఉన్నరు.”

“అన్నం తినకుంటనే లేచిన్రా?”

“అవును.”

“అయితే యాభై మందికి వండిపిస్త. నడిమిట్ల బండి ఆపకుండ్రి. లారీ ముందుగాల వస్తే గేటుకు అడ్డం కుర్చీ ఏసుకొని నేనే కూసుంట. నా మీదికెల్లి తోలుమను, చూద్దాం.” ఆయన గొంతు ఒక్కసారి తగ్గింది. “మేడం, ఒక్క మాట. వచ్చేటప్పుడు అందరి పేర్లు అడిగి రాండ్రి. నేను నేర్చుకోవాలె.”